ఆర్లిన్ మూడోసారి వద్దన్న రోజు

ఆర్లిన్ టోస్ట్రూడ్‌కు తిండి పెట్టని ఇల్లు మా నోర్బీలో లేదు. చలికాలమంతా అతను కౌంటీ వాళ్ళ మంచు తోసే లారీ నడుపుతాడు, ఎండాకాలం రోడ్ల పక్క గడ్డి కోస్తాడు. రోడ్డు మీద మంచు తోసినప్పుడు అది ఇళ్ళ వాకిళ్ళకు అడ్డంగా గుట్టపడుతుంది. తక్కిన డ్రైవర్లు వెనక్కి చూడకుండా పోతారు. ఆర్లిన్ మాత్రం లారీని వెనక్కి తీసి, ఆ గుట్టను కూడా నెట్టేసి మరీ కదులుతాడు. అలా చెయ్యొద్దని పైఅధికారులు చాలాసార్లు చెప్పారు. చెప్పిన అధికారి వాకిలి కూడా ఆర్లినే శుభ్రం చేస్తాడు. మా మిన్నెసోటా పల్లెల్లో నోరారా మెచ్చుకోవడం ఎవరికీ చేతకాదు, చేతికందిన పళ్ళెంతో మెచ్చుకుంటారు. అందుకే ముప్పై ఏళ్ళుగా ఆర్లిన్ లారీలో, అతని వంటింట్లో, అతని నడుము చుట్టూ ఊరి మెప్పు పేరుకుంటూ వచ్చింది.

ఇక్కడ తిండికి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి నీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి, సరే, కొంచెం పెట్టు అనాలి. మొదటిసారే పుచ్చుకుంటే తిండికి మొహం వాచినవాడంటారు. మూడోసారి కూడా వద్దంటే ఆ ఇంటితో తెగతెంపులైనట్టే. వెనకటికి ఎల్మర్ రూడ్ అనే ఆయన కడుపులో మంటగా ఉండి హెగ్‌స్టాడ్ వాళ్ళింట్లో మూడోసారి కూడా కాఫీ వద్దన్నాడు. మరుసటి ఆదివారం నుంచి రెండు కుటుంబాలూ చర్చిలో చెరో వైపుకు సర్దుకున్నాయి. ఎల్మర్ పోయాడు, కాఫీ పోసినావిడా పోయింది. వాళ్ళ మనవలు ఇప్పటికీ చెరో వైపే కూర్చుంటారు, కారణం మాత్రం వాళ్ళకు తెలియదు.

ఆర్లిన్ ఎవరినీ నొప్పించలేని మనిషి, తన నొప్పి బయటికి చెప్పలేని మనిషి. ఎలా ఉన్నావని ఎవరడిగినా, మరీ చెడ్డగా లేను అంటాడు. ఓసారి లారీ ముందున్న ఇనప పలక కింద పడి వేలి కొస తెగిపోయింది. తెగిన ముక్కను చేతిరుమాల్లో చుట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి, అక్కడ దగ్గుతూ కూర్చున్న ముసలావిణ్ణి చూపించి, ముందు ఆవిణ్ణి చూడండి, నాకేం తొందర్లేదు అన్నాడు. ఆవిడ కూడా మా ఊరిదే కాబట్టి, అబ్బే, ముందు అతన్నే చూడండి అంది. వాళ్ళిద్దరి మర్యాద తేలేసరికి ఆ వేలి కొస అతికించడానికి పనికిరాకుండా పోయింది.

అటువంటి మనిషికి పోయిన శరదృతువులో మలపరీక్షలో రక్తం కనబడింది. అతని అన్న వెర్లిన్ పెద్దపేగు క్యాన్సర్‌తోనే పోయాడు. బయటపడేసరికి అది కాలేయం దాకా పాకిపోయింది. ఇంటి రక్తంలోనే ఉన్న జబ్బు కాబట్టి కెమెరా గొట్టం పెట్టి పేగంతా చూడాల్సిందేనని డాక్టర్ సలాసార్ చెప్పింది. ఆవిడ టెక్సస్ నుంచి వచ్చింది, మొహమాటం తెలియదు. పరీక్షకు ముందురోజు గట్టి పదార్థమేదీ నోట పెట్టకూడదు. వడగట్టిన మాంసరసం, ఆపిల్ రసం, పాలు లేని టీ, ఎర్రది కాని జెల్లీ, అంతే. పొద్దుటి నుంచి రాత్రి దాకా పెద్ద డబ్బాడు బేదిమందు కొంచెం కొంచెంగా తాగాలి. లోపలి నుంచి తేటనీళ్ళు తప్ప మరొకటి రాని స్థితికి చేరాలి. ఇదంతా విని ఆర్లిన్ బుద్ధిగా తలూపాడు.

మొదటిసారి పరీక్ష చెడిపోయింది. ముందురోజు ఎదురింటి లిన్నేయాకు పార తిరిగి ఇవ్వడానికి వెళ్ళాడు. ఆమె పొయ్యి మీద సూపు మరుగుతోంది. తర్వాత డాక్టరు అతనికి పేగు లోపలి ఫొటో చూపించి ఇదేమిటని అడిగింది. ఆర్లిన్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"అడవిబియ్యం. లిన్నేయా చేసిన సూపులోది. చాలా బాగుంది" అన్నాడు.

రెండోసారి చర్చిలో పాటల సాధన అయ్యాక ఎవరో గసగసాల కేకు పెట్టారు. కెమెరా అద్దం నిండా గసాలే. ఈసారి డాక్టరు ఫొటో చూపించలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మూడోసారి కూడా ఇంతే అయితే మళ్ళీ శరదృతువు దాకా తేదీ దొరకదనీ, లోపలున్నది అంతదాకా ఆగే రకం కాకపోవచ్చుననీ చెప్పింది. ఆర్లిన్ దానికి కూడా తలూపాడు. పక్కనున్న భార్య మర్లిస్‌కు మాత్రం వెర్లిన్ గుర్తొచ్చాడు. అతని శవపేటికను మోసిన ఆరుగురిలో తన భర్త కూడా ఉన్నాడు. ఇతన్ని మోసే ఆరుగురు ఎవరెవరా అని ఆమె ఆ రాత్రంతా పక్క మీద దొర్లుతూ తన ప్రమేయం లేకుండానే పేర్లు ఎంచింది, తనను తానే తిట్టుకుంది.

మూడోసారి పరీక్షకు తేదీ మార్చిలో పడింది. ఊళ్ళో నలుగురికీ సంగతి చెప్పి, పరీక్ష ముందురోజు ఏమీ తేకండి అంటే సరిపోయేది కదా అని మీకు అనిపించవచ్చు. మా ఊళ్ళో అలా కుదరదు. తేవద్దు అని చెప్పడమంటే తెస్తారని ఆశించినట్టు. అది తిండి కోసం చెయ్యి చాచడం కన్నా సిగ్గుచేటు. పైగా పేగు, మలం వంటి మాటలు నోర్బీలో పశువుల డాక్టరు దగ్గర తప్ప ఎవరూ పలకరు. అందుకని మర్లిస్ భర్తను ఆ ఒక్కరోజు దాచేయాలని నిశ్చయించుకుంది. పొద్దున్నే కారును షెడ్డులో పెట్టి తలుపు మూసింది. వీధి వైపు కిటికీలన్నిటికీ కర్టెన్లు దించింది. ఆర్లిన్‌ను మేడ మీద స్నానాలగది పక్కన కూర్చోబెట్టి, బల్ల మీద మాంసరసం, ఆపిల్ రసం, మందు డబ్బా వరుసగా పెట్టింది.

తెలివైన మనిషే, కానీ కంగారులో ఒక్క విషయం మరిచిపోయింది. నోర్బీలో పట్టపగలు కర్టెన్లు దించేది చావు జరిగిన ఇంట్లోనే.

ఎదురింటి లిన్నేయా కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వచ్చి ఆ కర్టెన్లు చూసింది. మర్యాదగా కొంతసేపు ఆగింది. తర్వాత ఫ్రీజరు తెరిచింది. మా ఊళ్ళో ప్రతి ఫ్రీజరులోనూ చావు కోసమని ఒక హాట్‌డిష్ సిద్ధంగా ఉంటుంది: అడుగున కొట్టిన మాంసం, దాని మీద చిక్కుడుకాయలు, డబ్బా సూపు, పైన బంగాళాదుంప ఉండలు, అన్నీ కలిపి ఒకే పళ్ళెంలో. ఎవరి చావుకన్నది మాత్రం ఖాళీగా ఉంచుతారు. లిన్నేయా దాన్ని ఓవెన్‌లో వేడి చేసి, తువ్వాలు కప్పి, రోడ్డు దాటి వచ్చింది.

మర్లిస్ తలుపు సందులోంచి తల మాత్రం బయట పెట్టి, కంగారేం లేదు, ఆర్లిన్‌కు కాస్త జలుబు చేసిందని చెప్పింది. సరిగ్గా అప్పుడే పై నుంచి ఆర్లిన్ మూలిగిన మూలుగు, వెంటనే తలుపు ధడాలున మూసుకున్న చప్పుడు వినబడ్డాయి. లిన్నేయా మర్లిస్ ఎర్రబడ్డ కళ్ళ వైపు చూసి, మరేమీ అడక్కుండా పళ్ళెం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

జలుబు అన్న మాటే కొంప ముంచింది. మా వాళ్ళు ఏ కష్టాన్నయినా సగానికి సగం తగ్గించి చెబుతారు, వినేవాళ్ళు దాన్ని మళ్ళీ రెండింతలు చేసుకుని అర్థం చేసుకుంటారు. నోర్బీ లెక్కలో బెణికిందంటే కాలు విరిగిందని, కాస్త నలతగా ఉందంటే గుండెపోటని. ఇంట్లో కర్టెన్లు దించి, కళ్ళు ఎర్రగా పెట్టుకుని, జలుబు అన్నారంటే ఇక మిగిలింది ఒక్కటే. మధ్యాహ్నమయ్యేసరికి ఆర్లిన్ ఆఖరి ఘడియల్లో ఉన్నాడని ఊరంతటికీ తెలిసిపోయింది. ఎవరూ ఆ మాట నోటితో అనలేదు. దుకాణంలో కలుసుకున్నప్పుడు, ఆర్లిన్‌కు జలుబట అని ఒకరంటే, అవునట అని రెండోవారు టోపీ తీశారు.

చర్చి ఆడవాళ్ళ సంఘం నుంచి మర్లిస్‌కు ఫోన్ వచ్చింది. ఊరికే అడుగుతున్నాం, ఆర్లిన్‌కు పంది మాంసం ఇష్టమా, ఎద్దు మాంసం ఇష్టమా అన్నారు. వసంతకాలపు విందు గురించి కాబోలనుకుని మర్లిస్ పంది మాంసమంది. శనివారం నీకు వీలేనా అని కూడా మెత్తగా అడిగారు. వీలేనంది. ఫోన్ పెట్టేశాక, వసంతకాలపు విందు ఎప్పుడూ ఆదివారమే కదా, శనివారం పెట్టేది అంత్యక్రియల భోజనమే కదా అని గుర్తొచ్చి, అక్కడే స్టూలు మీద కూలబడింది.

సాయంత్రానికి వాకిట్లో జనం చేరారు. ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని వరండాలో, మగవాళ్ళు జేబుల్లో చేతులు పెట్టుకుని మంచులో. ఎవరూ తలుపు కొట్టరు, తలుపు కొడితే ఇబ్బంది పెట్టినట్టు. మగవాళ్ళు ఆకాశం వైపు చూస్తూ రేపు మంచు పడొచ్చని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇక ముందు ఆ లారీ ఎవరు నడుపుతారన్న దిగులు అందరి మొహాల్లోనూ ఉంది, పైకి మాత్రం గాలి వాయవ్యం నుంచి వీస్తోందన్నారు.

స్నానాలగది కిటికీలోంచి ఆర్లిన్ వాళ్ళను చూశాడు. అతని మనసు కరిగి నీరైపోయింది. అంత చలిలో నా కోసం నిలబడ్డారు, నేను కిందికి వెళ్ళి తలో చెంచాడు రుచి చూస్తే హాయిగా ఇళ్ళకు పోతారు, ఒక్క చెంచాడుతో ఏమవుతుంది అన్నాడు. రెండుసార్లు పరీక్ష చెడగొట్టింది కూడా సరిగ్గా ఈ ఆలోచనే. మర్లిస్ అతనికి అడ్డంగా గుమ్మంలో నిలబడింది.

"వెళ్ళు. వెళ్ళి తిను" అంది. "శనివారం నీ పేరు మీద పంది మాంసం కూడా వండుతున్నారు. అదీ వాళ్ళే తింటారు, నువ్వు చూడక్కర్లేదు."

తినను, ఊరికే కనబడి వస్తానని చెప్పి ఆర్లిన్ కిందికి దిగాడు. చొక్కా మీద కోటు వేసుకుని, తల దువ్వుకుని తలుపు తీశాడు. చనిపోతున్నాడనుకున్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఏమనాలో ఎవరికీ తోచలేదు. బాగానే ఉన్నట్టున్నావే అన్నాడొకాయన, కొంచెం నిష్ఠూరంగానే. మరీ చెడ్డగా లేనన్నాడు ఆర్లిన్. లిన్నేయా లోపలికి వెళ్ళి, పొద్దున మర్లిస్ చేతికిచ్చిన తన పళ్ళేన్ని తానే తెచ్చుకుని, ఒక్క చెంచాడు తినమంది. ఆర్లిన్ వద్దన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. నీకెందుకు శ్రమ అన్నాడు. ఆమె మూడోసారి నోరు తెరిచేలోపల, పొద్దుటి నుంచి లోపల పని చేస్తున్న మందు తన ప్రతాపం చూపింది. ఆర్లిన్ మొహం పాలిపోయింది, గిరుక్కున తిరిగి, ఆ వయసులో ఎవరూ ఊహించనంత వేగంగా మెట్లెక్కి మాయమైపోయాడు.

వరండాలో పెద్ద చిక్కు వచ్చిపడింది. అలా పారిపోవడం మూడోసారి వద్దన్నట్టా, కాదా? మూడోసారి అడగనే లేదు కనుక లెక్కలోకి రాదని కొందరన్నారు. వీపు చూపించడం వద్దనడం కన్నా ఘోరమని మరికొందరన్నారు. మధ్యలో తెగిపోయింది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి అడగాలని చర్చి సంఘం పెద్దావిడ తేల్చింది. లిన్నేయా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, మొదటి నుంచి అడగడానికి సిద్ధంగా నిలబడింది.

అప్పుడు వచ్చింది ఆర్డిస్. ఆమె వెర్లిన్ భార్య, ఆర్లిన్‌కు వదిన. ఊరి బయట పొలం మీద ఒంటరిగా ఉంటోంది. మరిది కూడా పోతున్నాడని విని, పాత పికప్ బండి వేసుకుని బురదలో పడి వచ్చింది. జనాన్ని తప్పించుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ జెల్లీలో సన్నగా తురిమిన కారెట్. మా ఊళ్ళో దాన్ని కూరల కింద లెక్కేస్తారు. వెర్లిన్‌కు ప్రాణం, ఆఖరి రోజుల్లో కూడా అదొక్కటే దిగింది.

ఆర్లిన్ గోడ పట్టుకుంటూ కిందికి వచ్చాడు. వదినను చూసి కూర్చున్నాడు. ఆమె గిన్నె ముందుకు జరిపి, కొంచెం తినమంది. వద్దన్నాడు. అతని చూపు మాత్రం గిన్నె మీదే ఉంది. జెల్లీ తినొచ్చని డాక్టరే చెప్పింది, ఇది ఎర్రది కూడా కాదు. మర్లిస్ పొయ్యి దగ్గరే నిలబడింది. వరండాలోని వాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి మెడలు చాచారు. ఆర్డిస్ రెండోసారి అడిగింది. నీకెందుకు శ్రమ అన్నాడు. జెల్లీలో కారెట్ పోగులు దీపం వెలుగుకు మెరుస్తున్నాయి. డాక్టరు మళ్ళీ ఫొటో పట్టుకుని ఇదేమిటని అడగడం అతని కళ్ళకు కట్టింది.

"నీ కోసమే చేశాను, ఆర్లిన్. ఒక్క చెంచాడు" అంది ఆర్డిస్. అది మూడోసారి.

"వద్దు, ఆర్డిస్" అన్నాడు.

ఆమె చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

"నామీద కోపమా?" అని అడిగింది.

"కోపం కాదు. రేపు నాకు పేగు పరీక్ష. లోపల ఏమీ ఉండకూడదు. రెండుసార్లు మొహమాటపడి తిని చెడగొట్టుకున్నాను. నాకు రక్తం పడుతోంది, ఆర్డిస్. వెర్లిన్‌లాగే పోతానేమోనని నాకు భయంగా ఉంది."

పెళ్ళయిన మగవాడు భయంగా ఉందని పదిమందిలో అనడం నోర్బీలో అంతకు ముందు ఎవరూ వినలేదు. మగవాళ్ళు తమ బూట్ల వైపు చూసుకున్నారు. లిన్నేయా తన పళ్ళెం మీద తువ్వాలు నెమ్మదిగా కప్పేసింది. సూపు పెట్టింది తనే కదా అని అప్పుడే తట్టినట్టుంది, ఆమె మొహం చూడలేకపోయాం.

ఆర్డిస్ జెల్లీ గిన్నెకు మూత పెట్టింది. లేచి, ఒక కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి వీధి గుమ్మానికి అడ్డంగా వేసుకుని, ఒడిలో చెంచా పెట్టుకుని కూర్చుంది. ఎవరెవరు ఏమేం తెచ్చారో అవి పట్టుకుని ఒక్కొక్కరే రమ్మంది. టోస్ట్రూడ్‌ల ఇంటికి తెచ్చింది టోస్ట్రూడ్ ఒకరు తింటే చాలదా, నేనూ ఆ ఇంటి మనిషినే అంది. సంఘం పెద్దావిడ ఆలోచించి, చెల్లుతుందంది. ఒక్కొక్కరే వచ్చి మూడేసిసార్లు అడిగారు, ఆర్డిస్ రెండేసిసార్లు వద్దని, మూడోసారి తలో చెంచాడు తిన్నది. అన్నీ బాగున్నాయంది. లిన్నేయాది మాత్రం కొంచెం ఉప్పు తగ్గిందని చెప్పింది, ఆ పూట ఊళ్ళో నిజాలకు అనుమతి దొరికినట్టు. అందరూ బరువు దిగి ఇళ్ళకు పోయారు. పంది మాంసం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆర్డిస్ కడుపు పట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుని, మందు డబ్బా ఖాళీ అయ్యేదాకా తలుపు ఇవతల నుంచి ఆర్లిన్‌తో విత్తనాల ధరలు మాట్లాడింది. రాత్రికి పొలానికి పోకుండా అక్కడే సోఫా మీద పడుకుంది.

తెల్లవారి ముగ్గురూ కలిసే ఆస్పత్రికి వెళ్ళారు. ఆర్లిన్‌ను లోపలికి తీసుకుపోయాక ఆడవాళ్ళిద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. మర్లిస్‌ది ఒకటే పని, చేతిసంచీ పట్టీని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. పాత పత్రిక ఒకటి తిరగేద్దామని అందుకుని, తలకిందులుగా పట్టుకుని అలాగే కూర్చుంది. ఆర్డిస్ దాన్ని సరిచేసి ఇచ్చింది.

డాక్టర్ సలాసార్ నవ్వుతూనే వచ్చింది. లోపల అద్దంలా శుభ్రంగా ఉందనీ, తన ఉద్యోగంలో ఇంత శుభ్రమైన పేగు అరుదుగా చూశాననీ చెప్పింది. పేగు గోడకు మొలిచిన చిన్న కాయలు రెండు తీసేశారు. పెద్దది ఒకటి ఉంది, వేరుశనగ గింజంత, దాన్ని కూడా మొదలంటా తీసేశారు. ల్యాబు నుంచి కబురు రావాలి గానీ, తన కంటికి అది ఇంకా చెడు తిరగలేదనే కనిపించింది. ఇంకో రెండేళ్ళు ఊరుకుని ఉంటే వేరే మాట చెప్పాల్సి వచ్చేదంది. మర్లిస్ ఆవిడ చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. డాక్టరు ఎలాగో విడిపించుకుని వెళ్ళింది.

ఆర్డిస్ మాత్రం కదలకుండా కూర్చుని ఉంది.

"ఎంతసేపు పట్టింది, మర్లిస్?" అని అడిగింది.

"లోపలికి వెళ్ళడం, రావడం అన్నీ కలిపి అరగంట అయిందేమో."

"అరగంటేనా?"

ఆర్డిస్ గోడ మీది గడియారం వైపు తిరిగి చూసింది.

"వెర్లిన్‌కు కూడా ఈ పరీక్షకే తేదీ ఇచ్చారు" అంది. "ఆ రోజే మా సోయా కోతకు చుట్టుపక్కల వాళ్ళంతా సాయానికి వస్తామన్నారు. వాళ్ళను రావద్దనడం ఏం బాగుంటుందన్నాడు. ఆస్పత్రి వాళ్ళయితే ఏమీ అనుకోరులే అన్నాడు."

ఆ మాట చెప్పి ఆమె ఏడ్చింది. వెర్లిన్‌ను పూడ్చిన రోజు కాఫీ గిన్నె పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ తనే స్వయంగా కాఫీ పోసిన మనిషి, ఆస్పత్రి బల్ల మీద అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. మర్లిస్ ఊరుకోమనలేదు. దగ్గరికి జరిగి, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది.